డోర్నకల్ బిషప్ అజరయ్యగారి జీవితము – శిష్యుల సంఘము



మన ప్రభువు గలిలయలోని కొండమీద తన వారికి ఇచ్చిన కడపటి ఆజ్ఞ మనకందరికిని కంఠపాఠమే (మత్తయి 28:16-20). ఆ ఆజ్ఞలో ముఖ్యమైన సంగతి శిష్యులను చేయుట. ఆదివారమున గుడికి వచ్చినవారిని లెక్కించుట సులువు. సంఘ రిజిస్టరులో పేర్లు వ్రాయుటయు సులువే. అయితే మన పల్లె సంఘములో శిష్యులు ఎందరని ఎవరైనను అడిగినయెడల జవాబు చెప్పుటకు తడబడుదుము. క్రైస్తవ కుటుంబములో పుట్టుట, బైబిలులోని పేరు పెట్టుకొనుట, క్రిస్మసుకు కొత్తబట్టలు కట్టుకొనుట మంచివే గాని అవి శిష్యత్వము కావు. మరియు మనలో చాలమంది, శిష్యత్వమనునది అయ్యగారి పని, ఉపదేశకుని పని, జీతము పుచ్చుకొనువారి పని అని తలంచుచున్నారు. మేము గ్రామములు తిరుగునప్పుడు ఈ తలంపును ఎన్నో యిండ్లలో చూచుచున్నాము.

ఈ తలంపు తప్పని తన జీవితమంతటితో చూపిన భక్తుడొకడు మన తెలుగుదేశములోనే ముప్పది సంవత్సరములకు పైగా సేవచేసి, ఇక్కడనే కన్నుమూసెను. ఆయన డోర్నకల్ బిషప్ అజరయ్యగారు. ఆయన పేరు వినని సంఘము మన ప్రాంతములో అరుదు. పేరు తెలిసినను ఆయన బోధించిన పాఠము మరువబడుచున్నది గనుక, ఈ నెల ఆయన జీవితమును మీ యెదుట ఉంచుచున్నాము.

తల్లిదండ్రుల ప్రార్థన

వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1874వ సంవత్సరము ఆగష్టు 17వ తేదీన తమిళదేశమందలి తిరునెల్వేలి జిల్లాలో వెళ్లాళన్‌విళై అను చిన్న గ్రామములో జన్మించెను. తండ్రి తోమా వేదనాయకంగారు హిందూ కుటుంబములో పుట్టి, మిషను పాఠశాలలో ప్రభువును ఎరిగి, తరువాత ఆ గ్రామ సంఘమునకే కాపరియైన వాడు. తలిదండ్రులు ఒక కుమారునికొరకు చాల కాలము ప్రార్థించిరి. హన్నా తన బిడ్డకు పెట్టినట్లే వారును ఆ బిడ్డకు సమూయేలని పేరు పెట్టి, దేవుని సేవకు అప్పగించిరి (1 సమూయేలు 1వ అధ్యాయము). కుమారుడు ఇంకను చిన్నవాడై యుండగానే తండ్రి ప్రభువునందు నిద్రించెను. తల్లి అతనిని భయభక్తులతోను క్రమశిక్షణతోను పెంచెను.

ఆయన మిషను బోర్డింగు పాఠశాలలలో చదివి, అటుపిమ్మట మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరెను. డిగ్రీ పట్టా మాత్రము పుచ్చుకొనకుండనే కళాశాల విడిచెను. 1895లో వై.ఎం.సి.ఏ. సంస్థలో కార్యదర్శిగా పనిలో ప్రవేశించి, దక్షిణ దేశమంతట తిరిగి యౌవనస్థుల మధ్య వాక్యము బోధించెను. 1898లో అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహమాడెను. ఆమె దక్షిణ ఇండియాలో కళాశాల చదువు చదివిన మొదటి క్రైస్తవ స్త్రీలలో ఒకతె. మునుముందు డోర్నకల్‌లో స్త్రీల మధ్య జరిగిన పనియంతటికి ఆమె అండగా నిలిచెను.

యాఫ్నాలో కలిగిన కలవరము

1902లో అజరయ్యగారు సింహళద్వీపములోని యాఫ్నాకు వెళ్లెను. అక్కడి తమిళ క్రైస్తవులు లెక్కకు తక్కువవారైనను, తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుష్యులను సువార్త పనికి పంపుచుండిరి. ఆ సంగతి చూచి ఆయన మనస్సు కలవరపడెను. ఏలయనగా తన తిరునెల్వేలి సంఘము వారికంటె ఎంతో పెద్దది. తరతరములనుండి సువార్త విన్నది. గుళ్లు, బడులు, కాపరులు సమృద్ధిగా ఉన్నవి. అయినను తన పొలిమేర దాటి ఒక్క మిషనరీనైనను అది పంపలేదు. సముద్రము దాటి వచ్చినవారు తెచ్చిపెట్టిన దానిని అనుభవించుటయే అలవాటైపోయెను.

ఆయన ఇంటికి తిరిగివచ్చి ఈ భారమును తన స్నేహితులతో చెప్పి ప్రార్థించెను. 1903వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపింపబడెను. ఆ సొసైటీ నియమము చాల సూటియైనది. మనుష్యులు మన దేశస్థులే. డబ్బు మన దేశపు డబ్బే. నడిపింపు మన వారిదే. ఏ దేశమునకు వెళ్లవలెనని వారు వెదకి, అప్పుడు నైజాము రాజ్యములోనుండిన డోర్నకల్ ప్రాంతమును ఎన్నుకొనిరి. ఇది ఇప్పుడు తెలంగాణలోని మహబూబాబాద్ జిల్లాలో ఉన్నది. 1905వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన, కేరీగారు పనిచేసిన శ్రీరాంపురములో, దేశమంతటికి చెందిన నేషనల్ మిషనరీ సొసైటీయు పుట్టెను. అజరయ్యగారు దానికి కార్యదర్శియాయెను.

పంపువాడే వెళ్లెను

ఇప్పుడాయన చేతిలో రెండు సొసైటీల పని ఉన్నది. ఊరూరా తిరిగి, తెలుగుదేశమునకు వెళ్లువారెవరని యౌవనస్థులను ప్రేరేపించుచుండెను. అయితే ఇతరులను వెళ్లుమని చెప్పుచు తాను నిలిచిపోవుట ఆయన మనస్సాక్షిని పొడిచెను. గౌరవమైన ఉద్యోగము విడిచి, 1909లో గురుపట్టము పొంది, సామాన్య మిషనరీగా డోర్నకల్ చేరెను. అప్పటికాయనకు ముప్పదియైదేండ్లు. తెలుగు ఆయన తల్లిభాష కాదు. చిన్నపిల్లవానివలె అక్షరములు దిద్దుకొని, పల్లెజనులకు అర్థమగునట్లు బోధించుటకు నేర్చుకొనెను. మొదట డేరాలో కాపురముండెను. ఎడ్లబండిమీదను సైకిలుమీదను గ్రామములు తిరిగెను.

ప్రియులారా, ఇక్కడ కొంచెము నిలిచి ఆలోచింతము. తన్ను వెంబడింపగోరువాడు తన్నుతాను ఉపేక్షించుకొని, అనుదినము తన సిలువను ఎత్తుకొనవలెనని ప్రభువు సెలవిచ్చెను (లూకా 9:23). ఇతరులకు బోధించుటకు ముందు ఆ మాట బోధకునికే చెందవలెను. సంఘములో మార్పు కావలెనని కోరు కాపరియు, సంఘపెద్దయు, ఆదివారపు బడి టీచరును మొదట తన్ను తాను అడుగుకొనవలసిన ప్రశ్న ఇదే.

1910లో స్కాట్లాండులోని ఎడింబరో పట్టణములో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. అక్కడికి వచ్చినవారిలో మన దేశస్థులు బహు కొద్దిమంది. అజరయ్యగారు ఆ సభలో లేచి, మిషనరీల త్యాగమునకు కృతజ్ఞత చెప్పిన తరువాత, లోపమును దాచక చెప్పెను. మిషనరీలు తమ ఆస్తిని, ప్రాణమునుకూడ ఇచ్చిరి గాని, దేశస్థులైన సహోదరులతో సమానముగా కూర్చుండి స్నేహము చేయుటలో వెనుకబడిరని ఆయన వివరించి, తమకు కావలసినది స్నేహితులేయని మనవి చేసెను. ఆ మాట కొందరికి కష్టముగా తోచెను. అయినను అది నేటివరకు మరువబడలేదు. క్రీస్తు శరీరములో ఒకడు ఎల్లప్పుడు ఇచ్చువాడుగాను, వేరొకడు ఎల్లప్పుడు పుచ్చుకొనువాడుగాను ఉండుట సరికాదని ఆయన నమ్మెను. అదే నమ్మకముతో ఆయన పల్లె సంఘములను కట్టెను.

బీదల బిషప్పు

1912వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన కలకత్తా పట్టణములోని సెయింట్ పాల్స్ కథీడ్రలులో అజరయ్యగారు బిషప్పుగా అభిషేకింపబడెను. ఆంగ్లికన్ సంఘములో బిషప్పైన మొదటి భారతీయుడు ఆయనే. మద్రాసు బిషప్పు వైట్‌హెడ్డుగారు దీనికొరకు ఎక్కువగా ప్రయాసపడిరి. నల్లవాని క్రింద తెల్లవారు పనిచేయుదురా, ఇతనివల్ల అగునా అని కొందరు సందేహించిరి. అజరయ్యగారు వారితో వాదించలేదు. పనిలో ప్రవేశించెను. ఆయన అధ్యక్ష మండలము మొదట చిన్నది. తరువాత కృష్ణా, గోదావరి మొదలైన తెలుగు జిల్లాల సంఘములును ఆయన కాపుదలకు అప్పగింపబడెను. సందేహించిన మిషనుల పనివారే ఆయన పెత్తనము క్రింద సంతోషముగా పనిచేసిరి. పట్టా లేకుండ కళాశాల విడిచిన ఆయనకు 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము డాక్టరు బిరుదు నిచ్చెను.

ఆయన మంద ఎవరు? ఎక్కువమంది మాల మాదిగ పల్లెలలోని కూలి జనులు. సొంత భూమి లేనివారు, అప్పులలో మునిగినవారు, ఊరిబావిలో నీళ్లు తోడుకొననియ్యబడనివారు, తరతరములుగా వెట్టి చేసినవారు. చదువు రానివారే అధికము. ఇట్టివారితో సంఘము కట్టుట ఎట్లు? వీరికి మిషను అన్నియు సమకూర్చవలెను, వీరివద్దనుండి ఏమి ఆశింపగలమని చాలమంది తలంచిరి. అజరయ్యగారు అట్లు తలంచలేదు. బీదవాడైనంతమాత్రమున శిష్యుడు కాలేడని చెప్పుట అతనిని అవమానపరచుటయేనని ఆయన అభిప్రాయము. అందుచేత ఆయన ఆ కూలి జనులను మూడు సంగతులు అడిగెను.

మొదటిది – ప్రతివాడు సాక్షి

ఆయన గ్రామములకు వచ్చి బాప్తిస్మము పొందినవారిని కలిసికొనునప్పుడు, వారిచేత తమ చేతిని తమ తలమీదనే పెట్టించి, సువార్త ప్రకటింపకపోయిన తమకు శ్రమయని అపొస్తలుడైన పౌలు వ్రాసిన మాటను తమదిగా పలికించుచుండెను (1 కొరింథీయులకు 9:16). బాప్తిస్మపు నీళ్లు పడిన ఆ తలమీదనే ఆ చెయ్యి. ఆ మాట పలికినవారు గురువులు కారు. పొద్దుననే పొలమునకు పోవు కూలివారు, నాట్లు వేయు స్త్రీలు, పశువులు కాయు పిల్లవాండ్రు. ఆ దినమునుండి వారు తమ పొరుగువారికి క్రీస్తునుగూర్చి చెప్పవలసిన బాధ్యత గలవారైరి.

ఇది మాటగానే నిలిచిపోకుండునట్లు ఆయన సాక్ష్యవారములు ఏర్పాటుచేసెను. ఆ వారములో సంఘస్థులు గుంపులుగా చుట్టుప్రక్కల గ్రామములకు వెళ్లి పాటలు పాడి, తమ జీవితములో ప్రభువు చేసిన మేలు చెప్పుచుండిరి. చదువురానివారికి ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణము, పది ఆజ్ఞలు, సువార్త కథలు నోటితోనే నేర్పించిరి. గురుపట్టమునకు సిద్ధపడు విద్యార్థులు భార్యాబిడ్డలతోకూడ డోర్నకల్ వచ్చి, పల్లెటూరి పద్ధతిలోనే బ్రదుకుచు, చేతిపనియు చేయుచు చదువుకొనిరి. వారి భార్యలకును చదువు చెప్పబడెను. ఏలయనగా గ్రామములో కాపరి యిల్లే మొదటి ప్రసంగము. 1935 నాటికి ఆ మండలములో రెండువందల యేబదిమంది వరకు దేశస్థులైన గురువులును, రెండువేలకు పైగా గ్రామ ఉపాధ్యాయులును ఉండిరి. సంఘస్థుల సంఖ్య తరువాత రెండు లక్షలు దాటెను.

యెరూషలేములో హింస కలిగినప్పుడు అపొస్తలులు తప్ప మిగిలినవారందరు చెదరిపోయి, వెళ్లిన చోటులనెల్ల వాక్యము ప్రకటించిరని చదువుచున్నాము (అపొస్తలుల కార్యములు 8:1-4). చెదరినవారు సామాన్య విశ్వాసులే. డోర్నకల్ సంఘములలో జరిగినదియు అదే.

రెండవది – ప్రతి యింటి కానుక

లేనివారిని కానుక అడుగుట న్యాయమా అని కొందరు ఆయనను ప్రశ్నించిరి. న్యాయమేయని ఆయన బోధించెను. మాసిదోనియ సంఘములు బహు శ్రమచేత పరీక్షింపబడి, నిరుపేదలై యుండియు, శక్తికి మించి ఇచ్చినట్లు పౌలు సాక్ష్యమిచ్చెను గదా (2 కొరింథీయులకు 8:1-5). వారు మొదట తమ్మును తామే ప్రభువునకు అప్పగించుకొనిరి. కానుక దాని వెంట వచ్చెను.

కూలి యింటిలో రూపాయి కనబడదు గాని గింజ కనబడును. గనుక ఇల్లాలు వంటకు బియ్యము కొలుచునప్పుడెల్ల ఒక పిడికెడు తీసి కుండలో వేసి, ఆదివారమున గుడికి తెచ్చుచుండెను. దీనినే పిడికెడు బియ్యమని మన సంఘములలో నేటికిని పిలుచుచున్నాము. కోతకాలమున ధాన్యము, జొన్నలు, కోళ్లు, గుడ్లు, గుమ్మడికాయలు కోతపండుగ కానుకలుగా వచ్చుచుండెను. ఆ గింజలతోనే కాపరి పోషణకు సహాయము జరిగెను. కానుకనుగూర్చి అజరయ్యగారు వ్రాసిన పుస్తకము తరువాత అనేక భాషలలోనికి అనువదింపబడి, ఇతర దేశముల సంఘములకుకూడ పాఠమాయెను. నిరుపేద తెలుగు పల్లెలలో నేర్చుకొనిన పాఠమును ధనికదేశములవారు చదివిరి.

మూడవది – మారిన నడవడి

మూడవది అన్నిటికంటె కష్టమైనది. త్రాగుడు మానవలెను, చచ్చిన పశువుల మాంసము తినుట మానవలెను, జగడములు, దొంగతనము, బాల్యవివాహములు విడువవలెను, ఇల్లు వాకిలి శుభ్రముగా ఉంచుకొనవలెను, ఆదివారమున ఆరాధనకు కూడుకొనవలెను. ఈ సంగతులను ఆయన ఊరూరా బోధించెను. ఒక్కసారి చెప్పుటతో అవి పోలేదు. కొన్ని పల్లెలలో సంవత్సరములు పట్టెను. అయితే మారిన పల్లెలను చూచి ఊరిలోని ఇతర కులస్థులు ఆశ్చర్యపడిరి. మొదట వెక్కిరించినవారే కారణమేమని అడిగిరి. 1930వ సంవత్సరము దాటిన తరువాత వేలకొలది వ్యవసాయ కులస్థులు సంఘములో చేరుటకు ఈ సాక్ష్యమే ముఖ్య కారణమాయెను. ఏ పల్లెలోనికి అడుగుపెట్టుట మైలయని తలంచిరో, ఆ పల్లెవారి గుడిలోనే వారు మోకరించిరి.

ఆ కాలములోనే గాంధీగారు మొదలైన పెద్దలు ఈ గుంపుల మతమార్పిడిని ఆక్షేపించిరి. బీదలు తెలియక, లాభమునకు ఆశపడి చేరుచున్నారని వారి అనుమానము. అజరయ్యగారు దేశమును ప్రేమించినవాడే. ఖద్దరునుగాని స్వదేశీయతనుగాని తృణీకరించినవాడు కాడు. అయినను బీదవానికిని తన ఆత్మవిషయమై తానే నిర్ణయించుకొను హక్కు ఉన్నదని నిలిచి చెప్పెను. ఆ అనుమానమునకు ఆయన చూపిన గట్టి జవాబు మారిన జీవితములే. సంఘము జీవించు విధమే దాని రుజువు. రుజువు లేని చోట ఎంత వాదించినను ఫలము లేదు.

ఒక సంగతి దాచకూడదు. సంఘములోపల మాల మాదిగ అను భేదము ఆయనను జీవితాంతము బాధించెను. తన పాఠశాల దినములనుండియే కులభేదమును ఎదిరించిన వాడాయన. ఒకే బల్లయొద్ద, ఒకే రొట్టెలో పాలు పొందువారు పెండ్లి పందిరిలో వేరు పంక్తులు కూర్చుండుట ఆయనకు సహింపరానిదాయెను. ఈ విషయములో కొంత జయము కలిగెను గాని పని పూర్తికాలేదు. ఆయన విడిచిన ఆ పని మన చేతులలోనికి వచ్చినది.

గుడి, ఐక్యత, కడపటి దినములు

డోర్నకల్‌లోని ప్రత్యక్షతా దేవాలయము చూచినవారు మనలో అనేకులు గలరు. దాని పని 1914లో ఆరంభమై ఇరువదియైదు సంవత్సరములు సాగి, 1939వ సంవత్సరము జనవరి 6వ తేదీన ప్రతిష్ఠ జరిగెను. తూర్పు దేశపు జ్ఞానులు శిశువైన ప్రభువును పూజించిన పండుగ దినమది. ఆ గుడి స్తంభములలో హిందూ దేవాలయముల పనితనమును, గోపురములలో మసీదుల పోలికయు కనబడును. క్రీస్తు పరదేశపు దేవుడు కాడని, ఈ నేలమీద పుట్టిన శిల్పమంతయు ఆయన పాదములయొద్ద ఉంచదగినదని అజరయ్యగారు ఆ రాళ్లతో చెప్పించెను.

ఆయన మోసిన మరియొక భారము సంఘముల ఐక్యత. 1919వ సంవత్సరము మే నెలలో తరంగంబాడిలో ముప్పది ముగ్గురు సేవకులు కూడి, వేరు వేరు మిషనుల సంఘములు ఏకము కావలెనని ప్రకటించిరి. వారిలో అజరయ్యగారు ముఖ్యులు. పల్లెటూరి బీదవాని యెదుట నాలుగు పేర్లతో నాలుగు గుళ్లు నిలిపి, క్రీస్తు ఒక్కడేనని చెప్పుట ఎట్లని ఆయన దుఃఖము. 1927లో లొసానులోను, 1938లో తాంబరములోను జరిగిన మహాసభలలో ఆయన ఈ సంగతినే వేడుకొనెను. ఇరువదియైదేండ్లు ప్రయాసపడెను గాని దాని నెరవేర్పును కన్నులార చూడలేదు. 1945వ సంవత్సరము జనవరి 1వ తేదీన, నూతన సంవత్సర దినమున, డోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించెను. ఆయన దేహము అక్కడనే భూస్థాపన చేయబడెను. 1947వ సంవత్సరము సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. మోషే దూరమునుండి చూచిన దేశములో యెహోషువ కాలపువారు ప్రవేశించినట్లు, ఆయన విత్తిన దానిని మన పెద్దలు కోసిరి.

మన సంఘమునకు పాఠము

ఈ జీవితమునుండి మనము నేర్చుకొనవలసినది ఒక్కటే. శిష్యత్వము సంఘములో కొందరికి ఇయ్యబడిన ఉద్యోగము కాదు. బాప్తిస్మము పొందిన ప్రతివానిమీద పెట్టబడిన కాడి. ఆ కాడి మోయునది ఒంటరిగా కాదు, సంఘముగా కూడి మోయుదుము.

విదేశపు మిషనరీలు మన పల్లెలనుండి వెళ్లి చాలకాలమైనది. అప్పటివలె బయటనుండి వచ్చు సొమ్ము మన గుళ్లకు ఆధారము కాదు, కానక్కరలేదు. అయినను పుచ్చుకొను మనస్సు పోలేదు. కాపరి వచ్చి ప్రార్థించవలెను, కాపరి రోగులను చూడవలెను, కాపరి సువార్త చెప్పవలెను, మేము వచ్చి కూర్చుందుమని చెప్పు సంఘము ఎంత పెద్ద గుడి కట్టినను శిష్యుల సంఘము కాదు. దానికి భిన్నముగా, జ్వరముతో పడియున్న పొరుగువానికి గంజి కాచి తీసికొనిపోయి, మంచముప్రక్క మోకరించు విధవరాలు ఉన్న సంఘము, గుడిసెలో కూడుకొన్నను శిష్యుల సంఘమే.

కాబట్టి ఈ నెలలో ప్రతి కుటుంబమును మూడు సంగతులు ఆలోచించుమని బ్రతిమాలుచున్నాము. ఈ సంవత్సరములో మన యింటివారు ఎవరికైనను క్రీస్తునుగూర్చి నోరు తెరచి చెప్పిరా? మన యింటి కానుక మిగిలినదానిలోనుండి వచ్చుచున్నదా, లేక వంటకు ముందు తీసిన పిడికెడువలె మొదటనే వచ్చుచున్నదా? మన నడవడి చూచి పొరుగువారు దేవుని మహిమపరచుచున్నారా, లేక మన జగడములు, మన సారాయి, మన కులగర్వము చూచి ఆయన నామమును దూషించుచున్నారా? సాయంకాల కుటుంబ ప్రార్థనలో ఈ ప్రశ్నలను పెద్దలు పిల్లలు కలిసి మాటలాడుకొనుడి. తరువాత ఎవరి చేతిని వారు తమ తలమీద పెట్టుకొని, బాప్తిస్మ దినమున తామెవరి వారైరో జ్ఞాపకము చేసికొనుడి.

ప్రార్థింతము: పరలోకమందున్న మా తండ్రీ, నీ దాసుడైన అజరయ్యగారినిబట్టి నీకు స్తోత్రము. కూలి జనులను నీ సాక్షులనుగా చేసిన నీవు మా పల్లె సంఘమునుకూడ కటాక్షించుము. మా నోటిని, మా చేతిని, మా యింటిని నీ సేవకు వాడుకొనుము. మాలోనున్న భేదములను తొలగించి, నీ కుమారుని శిష్యులముగా మమ్మును నడిపించుము. యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.